ఇప్పపువ్వు: కుండలో పడితే సారా, రోట్లో పడితే లడ్డు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో ఫాల్గుణం వెళ్లి చైత్రం వచ్చే రోజులు ఇప్పచెట్టువే. ఆకు రాల్చి మోడులా కనిపించే చెట్టు రాత్రంతా పువ్వు రాలుస్తుంది. తెల్లవారేసరికి చెట్టు కింద నేలంతా మీగడ రంగు పువ్వుతో నిండిపోతుంది. కోడి కూసే వేళకే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకొని చెట్ల కిందికి చేరుకుంటారు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, కెరమెరి, తిర్యాణి ప్రాంతాల్లో ఈ నెల రోజులూ ఇదే పని.

ఏరి తెచ్చిన పువ్వుకు ఇంటి దగ్గర రెండు దారులున్నాయి. నీళ్ల కుండలో పడితే నాలుగైదు రోజుల్లో పులిసి సారా అవుతుంది. ఎండి, వేగి, రోట్లో పడితే లడ్డు అవుతుంది. మొదటి దారి అందరికీ తెలిసిందే. రెండో దారి కూడా తాతల నాటిదే అయినా, మధ్యలో చాలా ఇళ్లలో మరుగున పడిపోయింది. ఇప్పుడు మళ్లీ కొందరు మహిళలు దాన్ని పట్టుకున్నారు. దీనికి పొయ్యి మీద పాకం పట్టే పని లేదు, బట్టీ అక్కర్లేదు. మూకుడు, రోలు ఉంటే చాలు.

పువ్వులో ఉన్నది చక్కెరే

ఇప్పపువ్వు మామూలు పువ్వుల్లా పలచని రేకులతో ఉండదు. రేకులన్నీ కలిసి కండగల చిన్న గుండ్రని కాయలా ఉంటుంది. పిండితే తీయని రసం కారుతుంది. పచ్చి పువ్వు బరువులో సుమారు ముప్పాతిక భాగం నీరే. ఎండాక కిస్‌మిస్‌లా ముడుచుకొని గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ ఎండు పువ్వులో సగానికి పైగా చక్కెరలే ఉంటాయి.

ఈ చక్కెరే అటు సారాకూ, ఇటు లడ్డూకూ మూలం. పువ్వు పైన, గాలిలో కంటికి కనిపించని పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. పువ్వును నీళ్లలో నానబెడితే అవి చక్కెరను తిని మద్యంగా మారుస్తాయి. ఆ పులిసిన నీటిని కాచి ఆవిరిని చల్లబరిస్తే దిగేదే ఇప్పసారా. నీరు లేకపోతే ఆ జీవులు పని చేయలేవు. బాగా ఎండిన పువ్వులో చక్కెర చక్కెరగానే నిలిచి ఉంటుంది. కాబట్టి పువ్వులో మత్తు లేదు. మత్తు కుండలో పుడుతుంది.

చెట్టు కింద పడి తేమలో ఒకటి రెండు రోజులు ఉండిపోయిన పువ్వు తనంతట తానే పులవడం మొదలుపెడుతుంది. అందుకే ఏరిన రోజే ఎండకు వేయాలని పెద్దలు చెబుతారు. ఇది సారా కాచేవారి కంటే లడ్డూ చేసేవారికి ముఖ్యమైన మాట.

వాళ్లు సారా పోస్తారు, మనం పువ్వే వేస్తాం

సారా వాసన గల తీపి ఉండలు మన అడవులకే పరిమితం కాదు. యూరప్, అమెరికా దేశాల్లో క్రిస్మస్ రోజుల్లో ఇళ్లలో ఇలాంటి ఉండలు చేసుకుంటారు. బిస్కెట్లను పొడి కొట్టి, అందులో పంచదార పొడి, కోకో, దంచిన గింజలు కలిపి, రమ్ము పోసి ఉండ చుడతారు. కాల్చడం ఉండదు. డబ్బాలో పెట్టి కొన్నాళ్లు ఊరనిస్తారు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మొక్కజొన్న నుంచి తీసే బర్బన్ విస్కీతో ఇటువంటి మిఠాయి చేస్తారు. ఆ రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మిఠాయి దుకాణం నడిపిన రూత్ హాన్లీ బూ అనే మహిళ 1930లలో దీన్ని తయారు చేసి ప్రసిద్ధికి తెచ్చింది.

అయితే ఆ ఉండల్లో ఒక చిక్కు ఉంది. పొయ్యి మీద పెట్టని పదార్థం కాబట్టి అందులో పోసిన మద్యం చాలావరకు అలాగే ఉండిపోతుంది. అందుకే వాటిని పిల్లలకు, గర్భిణులకు పెట్టకూడదు. మన ఇప్పపువ్వు లడ్డూకు ఆ బెడద లేదు. పువ్వు సహజంగానే ఘాటైన వాసన కలది. వేయించినప్పుడు ఆ వాసన ఇంకా కమ్మగా మారుతుంది. నోట్లో వేసుకుంటే సారా గుర్తుకు వస్తుంది గాని, సారా అందులో ఉండదు. సరిగా ఎండిన, పులవని పువ్వుతో చేస్తే పిల్లలు సైతం తినవచ్చు.

ఏరడంలోనే సగం పని

లడ్డూ రుచి రోటి దగ్గర కాదు, చెట్టు కిందే తేలిపోతుంది. మట్టిలో, పేడలో పడిన పువ్వును ఎంత కడిగినా ఇసుక పంటికి తగులుతూనే ఉంటుంది. సారా కాచేవారికి కొంత మట్టి ఉన్నా చెల్లుతుంది, తినేవారికి చెల్లదు.

పువ్వు స్పష్టంగా కనబడాలని కొందరు చెట్టు కింద ఎండుటాకుకు నిప్పు పెడతారు. ఇది రెండు విధాల నష్టం. ఎండాకాలం గాలికి ఆ నిప్పు అడవిలోకి పాకుతుంది. చిన్న మొక్కలు, రేపటి ఇప్పచెట్లు కావలసిన మొలకలు కూడా మాడిపోతాయి. రెండోది, పువ్వుకు బూడిద అంటుకుంటుంది. దీనికి బదులు సాయంత్రమే చెట్టు కింద ఊడ్చి, పాత చీరలు గాని, దుప్పట్లు గాని, వల గాని పరిస్తే సరిపోతుంది. తెల్లవారాక నాలుగు చెంగులూ పట్టుకొని ఎత్తితే పువ్వంతా ఒక్కచోటికి వస్తుంది. వంగి వంగి ఒక్కొక్కటీ ఏరే శ్రమ కూడా తగ్గుతుంది.

ఎలుగుబంటికి కూడా ఇప్పపువ్వు ఇష్టమే. చీకటి ఉండగా ఒంటరిగా చెట్టు కిందికి పోవడం ప్రమాదం. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ పోవడం మంచిది. పిల్లలను ముందుగా పంపకూడదు.

ఎండబెట్టే తీరు

ఏరిన పువ్వును ఆ పూటే శుభ్రమైన చాప మీద గాని, గుడ్డ మీద గాని పలచగా పరచాలి. కుప్పగా పోస్తే అడుగున వేడెక్కి పులుస్తుంది. రోజుకు రెండు మూడుసార్లు కలియబెట్టాలి. రాత్రి మంచు పడకుండా లోపలికి తీయాలి. మంచి ఎండ ఉంటే మూడు నాలుగు రోజులకు ఎండుతుంది. పిడికిట్లో పట్టి వదిలితే పువ్వులు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా రాలాలి. అంటుకుంటే ఇంకో ఎండ కావాలి.

ఎండిన తర్వాత అరచేతుల మధ్య నలిపి చేటలో చెరగాలి. లోపలి సన్నని కేసరాలు, పుల్లలు ఊడి ఎగిరిపోతాయి. అవి ఉండిపోతే లడ్డూ గొంతులో గరగర లాడుతుంది. ఆ తర్వాత మూత గట్టిగా ఉన్న డబ్బాలో గాని, బాగా ఆరిన కుండలో గాని పోసి తేమ తగలని చోట పెట్టుకోవాలి. వానాకాలంలో నెలకోసారి తీసి చూడాలి. పుల్లని వాసన గాని, తెల్లటి బూజు గాని కనిపిస్తే ఆ పువ్వు తినడానికి పనికిరాదు.

లడ్డూకు కావలసినవి

ఒక ఇంటికి సరిపడా కొలత ఇది. ఒకే గ్లాసును అన్నింటికీ కొలతగా వాడాలి.

శుభ్రం చేసిన ఎండు ఇప్పపువ్వు రెండు గ్లాసులు, పల్లీలు ఒక గ్లాసు, నువ్వులు అర గ్లాసు, తురిమిన బెల్లం అర గ్లాసు, నెయ్యి రెండు చెంచాలు, యాలకులు నాలుగు. ఇంట్లో ఉంటే ఎండుకొబ్బరి తురుము నాలుగు చెంచాలు వేసుకోవచ్చు. కలిగినవారు జీడిపప్పు, బాదం, కిస్‌మిస్ కలుపుకుంటారు. అవి లేకపోయినా లడ్డూకు లోటు లేదు. పల్లీలు ఏరేటప్పుడు నల్లబడినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి తీసి పారేయాలి. బూజు పట్టిన పల్లీల్లో కాలేయానికి హాని చేసే విషం ఉంటుంది. వేయించినా అది పోదు.

చేసే విధానం

ముందుగా పువ్వును ఒకసారి నీళ్లలో వేసి వెంటనే తీయాలి. నాననివ్వకూడదు. గుడ్డ మీద పరచి తడి పూర్తిగా ఆరేదాకా ఎండలో ఉంచాలి. వల మీద పట్టిన పువ్వైతే కడగకుండా గుడ్డతో తుడిచినా చాలు.

మందపాటి మూకుడులో పల్లీలను సన్న సెగ మీద వేయించి, పొట్టు తీసి పక్కన పెట్టాలి. నువ్వులు చిటపటలాడే దాకా వేయించి దించాలి. ఆ తర్వాత అదే మూకుడులో నెయ్యి వేసి పువ్వును వేయించాలి. ఇక్కడే జాగ్రత్త కావాలి. పువ్వులో చక్కెర ఎక్కువ కాబట్టి సెగ పెరిగితే క్షణంలో మాడి చేదెక్కుతుంది. గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మొదట పువ్వు మెత్తబడుతుంది, తరువాత ఉబ్బుతుంది, రంగు కొంచెం ముదురుతుంది, కమ్మని వాసన వస్తుంది. అప్పుడే దించి పళ్లెంలో పరచాలి. చల్లారిన పువ్వు కరకరలాడితే వేగినట్లు. సాగుతూ ఉంటే ఇంకా కాసేపు వేయించాలి.

చల్లారిన పువ్వును రోట్లో వేసి బరకగా దంచాలి. దానిలో నువ్వులు, పల్లీలు వేసి మళ్లీ దంచాలి. పల్లీల నుంచి, నువ్వుల నుంచి నూనె ఊరి పిండి ముద్ద కట్టడం మొదలవుతుంది. చివరికి బెల్లం, యాలకుల పొడి, కొబ్బరి వేసి నాలుగు దెబ్బలు వేస్తే చాలు. పువ్వుకు జిగి ఉంటుంది కాబట్టి పాకం అక్కర్లేదు. చేతికి కొంచెం నెయ్యి రాసుకొని నిమ్మకాయంత ఉండలు చుట్టాలి. మిక్సీలో చేసేవారు ఒక్కసారిగా తిప్పకుండా ఆపి ఆపి తిప్పాలి. లేకపోతే వేడికి జావలా జారిపోతుంది.

ఉండ విడిపోతుంటే పల్లీలు ఇంకొంచెం దంచి కలపాలి గాని, నీళ్లు గాని పాలు గాని చిలకరించకూడదు. తడి తగిలిన లడ్డూ మూడో నాటికే పులిసిపోతుంది. మరీ జిగటగా ఉంటే వేయించిన జొన్నపిండి గాని, పుట్నాల పొడి గాని రెండు చెంచాలు కలిపితే గట్టిపడుతుంది. పొడిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటే రెండు వారాల పాటు నిలవ ఉంటుంది. తీసేటప్పుడు తడి చెయ్యి పెట్టకూడదు.

ఝార్ఖండ్, బీహారు పల్లెల్లో కూడా వేయించిన ఇప్పపువ్వును నువ్వులతోనో, అవిసెలతోనో దంచి ఉండ చేసి ‘లట్టా’ అని పిలుస్తారు. కరువు రోజుల్లో అడవి పక్క కుటుంబాలను కాపాడిన తిండి ఇదే.

రక్తహీనతకు ఎంతవరకు మేలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి మించి. పొద్దున లేస్తే అడవికి, చేనుకు, నీళ్లకు తిరిగే ఆడమనిషికి ఒంట్లో రక్తం చాలకపోతే ఆయాసం, కళ్లు తిరగడం, కాన్పులో ప్రమాదం తప్పవు.

లడ్డూ దీనికి తోడ్పడే ఆహారం. పువ్వులోని చక్కెర వెంటనే శక్తినిస్తుంది. పల్లీల్లో మాంసకృత్తులు, నువ్వుల్లో ఇనుము, సున్నం ఉన్నాయి. అయితే లడ్డూ తింటున్నాం కదా అని ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలు మానేయడం తప్పు. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఆ మాత్రలు వేసుకోవాలి. ప్రసవం తర్వాత కూడా అన్ని రోజులూ వేసుకోవాలి. లడ్డూ తిన్న వెంటనే టీ తాగితే అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంటైనా ఆగి తాగాలి. ఉసిరి, నిమ్మ, జామ వంటి పులుపు పండు తోడుగా తింటే ఇనుము బాగా పడుతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారు ఈ లడ్డూకు దూరంగా ఉండాలి. బెల్లం తగ్గించినా పువ్వులోనే చక్కెర ఉందని మరువకూడదు. మిగిలినవారికి రోజుకు ఒకటి చాలు. పసిపిల్లలకు ఉండగా ఇవ్వకుండా చిదిమి పెట్టాలి.

ఉట్నూరు మహిళల చొరవ

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఇప్పచెట్టు విషయంలోనూ అలాగే జరిగింది. కళ్ల ముందు రాలిన పువ్వును తిండిగా గాక సంతలో సరుకుగానే చూడడం అలవాటైంది. ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం సభ్యులు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతూ ఆ చూపును మార్చారు. 2025 మార్చి 30న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగం ‘మన్ కీ బాత్’లో ఆదిలాబాద్ జిల్లా అక్కచెల్లెళ్లు ఇప్పపువ్వుతో చేస్తున్న వంటకాలను ప్రస్తావించారు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా రాజాఖోహ్ గ్రామంలో నలుగురు మహిళలు ఇదే పువ్వుతో బిస్కెట్లు చేస్తున్న సంగతిని కూడా ఆ ప్రసంగంలోనే చెప్పారు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ఎండాకాలంలో చేతిలో పైసా లేక, ఎండీ ఎండని పువ్వును వచ్చిన ధరకు సంతలో వదిలించుకునే కుటుంబాలు ఉన్నాయి. అదే పువ్వు వానాకాలంలో కావలసి వస్తే వ్యాపారి చెప్పిన ధరకు కొనుక్కోవాలి. బాగా ఎండబెట్టి దాచుకోగలిగినవారు తొందరపడి అమ్ముకోనక్కర్లేదు. లడ్డూ చేసి అమ్మగలిగితే ఏరిన శ్రమతో పాటు దంచిన శ్రమకు కూడా ఫలం దక్కుతుంది. అయితే అమ్మకానికి చేసేవారు ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేసుకోవాలి. తయారు చేసిన తేదీ, వేసిన దినుసులు పొట్లం మీద రాయాలి.

ఆచారం వేరు, అలవాటు వేరు

గోండు, కొలాం గూడేల్లో ఇప్పచెట్టు పూజ్యమైనది. కొత్త పువ్వును ముందు దేవుళ్లకు సమర్పించి తర్వాతే ఇంటికి వాడుకునే ఆచారం ఉంది. పెళ్లిలో, చావులో, దేవర పూజలో ఇప్పసారాకు ఉన్న చోటును ఎవరూ చిన్నచూపు చూడనక్కర్లేదు. పూజకు చుక్క ధారపోయడం వేరు, రోజూ సాయంత్రం కూలి డబ్బంతా గ్లాసులో పోయడం వేరు. ఈ తేడా గూడెం పెద్దలకు తెలియనిది కాదు.

సారా ఇంటికి చేసే చేటు మీద తెలుగు నేల మహిళలు ఒకప్పుడు గట్టిగానే తిరగబడ్డారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. అనుమతి లేకుండా సారా కాయడం నేటికీ నేరమే.

పువ్వు ఏరుకోవడం మాత్రం నేరం కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో నివసించే షెడ్యూల్డ్ తెగలవారికి, తరతరాలుగా అడవిని నమ్ముకున్న ఇతరులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులను ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. లడ్డూల కోసం బస్తాల కొద్దీ పువ్వు నిలవ చేయదలచిన సంఘాలు ఐటీడీఏ కార్యాలయానికి, ఆబ్కారీ అధికారులకు ముందే తెలియజేసుకుంటే తర్వాత తగవులు ఉండవు.

చెట్టు బతికితేనే ఇదంతా

ఇప్పచెట్టు నాటిన ఏడాదికో రెండేళ్లకో పూసేది కాదు. పూత పట్టడానికి ఎనిమిది, పదేళ్లయినా పడుతుంది. పువ్వు అయిపోయాక వచ్చే కాయల గింజల నుంచి నూనె తీస్తారు. ఆ నూనె దీపానికి, వంటకు, సబ్బుకు పనికొస్తుంది. కాబట్టి చేను గట్టు మీద ఉన్న చెట్టును నీడ పడుతుందని కొట్టేసే ముందు ఒకసారి లెక్క వేసుకోవాలి. మొలిచిన మొక్కలను పశువుల నుంచి, నిప్పు నుంచి కాపాడితే రేపటి పిల్లలకు బుట్ట నిండుతుంది.

వచ్చే చైత్రానికి ఏరిన పువ్వులో మొదటి నాలుగు కిలోలను వేరుగా ఎండబెట్టి, చెరిగి, డబ్బాలో దాచిపెట్టుకుంటే ఆ ఇంటికి వానాకాలంలో లడ్డూల కొరత ఉండదు. మిగిలింది సంతకు పోవచ్చు, సంఘానికి పోవచ్చు. ఇంట్లో ఆడపిల్ల, కడుపుతో ఉన్న కోడలు, బాలింత కూతురు ఉన్న చోట ఆ డబ్బా నిండుగా ఉండడం మరీ అవసరం.